మా బావ సూపు కమిటీ

మా బావ చేపలు పట్టడానికి వెళ్ళేది ఆదివారం. ఆ రోజు ఫ్లాస్కులో ఏ సూపు పోసుకెళ్ళాలా అని ఆలోచించడం మొదలుపెట్టేది సోమవారం. ఈ మధ్యలో భూమి బద్దలైనా ఆయనకి పట్టదు. ఒకసారి వాళ్ళ వీధిలో కరెంటు స్తంభం విరిగి పడింది. జనమంతా బయటికి పరిగెత్తుకొచ్చి గోల పెడుతుంటే, ఈయన తీరిగ్గా వచ్చి నా భుజం తట్టి, "అది సరేగానీ బామ్మర్దీ, గుమ్మడికాయా? టమాటానా?" అన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేశాడు. షాపు మూసేసినా చేతులు ఊరుకోవు కదా! కంట్లో ఇరికించుకునే ఆ చిన్న భూతద్దం ఉంటుందే, అది పెట్టుకుని ఫ్లాస్కు మూత విప్పి, లోపలి రబ్బరు వాషరుని అరగంట చూస్తాడు. వాచీకైనా అంత సేవ చేసి ఉండడు. "సూపంటే ఏంట్రా? సెకన్ల ముల్లులా సాఫీగా దిగాలి. ఆగకూడదు, ఎగరకూడదు" అంటాడు.

అలా ఎగిరిన సూపు ఒకటుంది. మొక్కజొన్న సూపు. గింజలన్నీ ఫ్లాస్కు మూతికి అడ్డం పడ్డాయి. బావ ఊపాడు, నేను ఊపాను, ఇద్దరం కలిసి అడుగున ఒక్కటి చరిచాం. అంతే, సగం మాతో వచ్చే డ్రైవరుగారి టోపీ మీద, సగం చెరువులో! మా చరిత్రలో చేపలు మా దగ్గరికి మందలుగా వచ్చింది ఆ ఒక్కరోజే. గాలానికి కాదు లెండి, గింజలకి. తినేసి వెళ్ళిపోయాయి.

చేపల సంగతి మాత్రం మమ్మల్ని అడక్కండి. పన్నెండేళ్ళలో మొత్తం పదకొండు పట్టాం. అందులో ఒకటి మేం పట్టేసరికే చచ్చిపోయి ఉంది.

మరోసారి, సూపు ఎంత వేడిగా ఉందో ఖచ్చితంగా తెలియాలని జ్వరం చూసే థర్మామీటరు తీసుకెళ్ళి గిన్నెలో ముంచాడు. టప్పుమంది. మా అక్క వంటింట్లోంచి ఆ గిన్నెని అలాగే పట్టుకొచ్చి ఈయన ముందు పెట్టింది.

"ఏవండీ, సూపుకి జ్వరమెంతుందో తెలిసిందా?"

"తెలిసేలోపే పగిలిందే."

"అయితే డాక్టరుని పిలవమంటారా, పారబొయ్యమంటారా?"

ఇప్పుడు డ్రైవరుగారి గురించి చెప్పాలి. మాది ముగ్గురి జట్టు. బావ, బడి మాస్టారుగా రిటైరైన నేను, డ్రైవరుగారు. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడొక పాత వ్యానుంది. మమ్మల్ని చెరువుకి తీసుకెళ్ళేది అదే. మనిషి బంగారం, కానీ పౌరుషం ఇనుము. దారిలో బస్సులు ఆగే హోటళ్ళుంటాయి కదా, అక్కడ డ్రైవరుకి భోజనం ఊరికే పెడతారు. జనాన్ని తీసుకొచ్చినందుకు మర్యాద. ఈయన ముప్ఫై ఏళ్ళలో ఒక్క పూట కూడా ఆ మర్యాద ముట్టలేదు. జేబులోంచి డబ్బులు తీసిచ్చే తిన్నాడు. "ఊరికే తిన్న ముద్ద నా గొంతు దిగదండీ" అంటాడు.

రెండేళ్ళ కిందట ఆయన భార్య పోయింది. అప్పట్నించీ ఆయన పొయ్యి వెలగలేదు. పొద్దున బన్నూ టీ, రాత్రి టీ బన్నూ. మనిషి చిక్కిపోయాడు. ఎంత చిక్కాడో మేం కొలవక్కర్లేదు, ఆయన బెల్టే చెప్పేది. ఉన్న చిల్లులు అయిపోతే మేకుతో కొత్త చిల్లు పొడుచుకునేవాడు. మూడు నెలల్లో నాలుగు కొత్త చిల్లులు! బెల్టు కొస చుట్టు తిరిగి వీపు దాకా వెళ్ళింది.

మా ఆవిడ చూడలేక ఒకరోజు గిన్నెలో అన్నం, కూర పెట్టి పంపింది. గంటలో ఆయనే గిన్నె తిరిగి తెచ్చాడు. కూర కూరలాగే ఉంది, పైన నాలుగు అరటిపళ్ళు అదనంగా ఉన్నాయి. "నేను భోంచేశానని చెప్పండి మాస్టారూ" అన్నాడు. ఏం భోంచేశాడో నాకు తెలీదా? మీసాలకి బన్ను పొడి ఇంకా అంటుకునే ఉంది. ఇలా అయితే ఈ మనిషి దక్కడని నాకు బెంగ పట్టుకుంది. పెడదామంటే తినడు, తినమంటే కోపం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావ పిచ్చి ముదిరింది. అంతవరకూ తనలో తను ఆలోచించుకునేవాడు. ఇప్పుడు కమిటీ వేశాడు. రుచి కమిటీ! సభ్యులు ఇద్దరు, నేనూ డ్రైవరుగారూ. బుధవారం నుంచి శనివారం దాకా ప్రతి సాయంత్రం ఒక సూపు చేసుకుని మా వీధిలోకి బయల్దేరతాడు. నా నోట్లో ఒక చెంచా. డ్రైవరుగారికి ఒక డబ్బా. మామూలు డబ్బా కాదు, మూతదాకా నిండిన డబ్బా, పక్కన ఆరు బ్రెడ్డు ముక్కలు.

నాకు ఒళ్ళు మండింది. "ఇదేం న్యాయం బావా? నాకు చెంచాడూ, ఆయనకి డబ్బాడూనా?"

"నువ్వు మాస్టారివిరా. ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందో లేదో చెప్పే తెలివి నీది. ఆయనది పెద్ద బండి నడిపిన నాలుక. చెంచాడు పోస్తే ఇంజను స్టార్టవ్వదు."

"మరి బ్రెడ్డెందుకు?"

"ముంచి చూస్తేనే చిక్కదనం తెలుస్తుంది."

నన్ను తెలివైనవాడన్నాడు కదా అని నేను నోరు మూసుకున్నాను. పొగిడితే చాలు, నేను ఎంత గడ్డైనా తింటాను.

అదైనా నాలుగు రోజులే కదా అనుకోకండి. సోమ, మంగళవారాలు ఫ్లాస్కు పరీక్ష. పొద్దున్నే సూపు నింపి, తీసుకెళ్ళి డ్రైవరుగారింట్లో పెట్టి వచ్చేవాడు. "సాయంత్రం దాకా వేడి ఆగిందో లేదో తాగి చెప్పవయ్యా" అని. ఆయనా ఆషామాషీ మనిషి కాదు. బస్సు ట్రిప్పు వివరాలు రాసినట్టు ఒక నోటుబుక్కు పెట్టాడు. నేను చూశాను: "బుధవారం. టమాటా. పులుపు ఎక్కువ. మళ్ళీ చేయవలెను." "గురువారం. టమాటా. పులుపు తగ్గినది. ఉప్పు కూడా తగ్గినది. మళ్ళీ చేయవలెను." ఆ బుక్కులో పాసైన సూపు ఒక్కటీ లేదు. నా సర్వీసు మొత్తంలో అంత కఠినంగా పేపర్లు దిద్దిన మాస్టారిని నేను చూడలేదు.

చిత్రమేమిటంటే, ఆరు నెలలు తిరిగేసరికి డ్రైవరుగారి బెల్టు వెనక్కి రావడం మొదలుపెట్టింది. ఒక చిల్లు, రెండు చిల్లులు, మూడు! నేను ఎక్కడికి వెళ్ళినా ఇదే ఉపన్యాసం: "అంతా చెరువు గాలి మహిమ! ఆదివారం పూట ఆ గాలి పీలిస్తే రాయి కూడా ఒళ్ళు చేస్తుంది."

మా అక్క వింటూ కూరగాయలు తరుగుతోంది. "పన్నెండేళ్ళ నుంచీ పీలుస్తున్నది అదే గాలేగా తమ్ముడూ?" అంది.

"గాలి ఒంటికి పట్టడానికి టైం పడుతుందక్కా" అన్నాను. అక్క నా మొహం కాసేపు చూసి, మళ్ళీ క్యారెట్టు తరుక్కుంది.

ఇక గొడవ జరిగిన ఆదివారం సంగతి. తెల్లారి ఆరింటికి బయల్దేరాలి. మంచు, చలి, వ్యాను గుమ్మం ముందు గుర్రుమంటోంది. బావ రెండు గిన్నెలు ముందు పెట్టుకుని నిలబడ్డాడు, ఉల్లిపాయ సూపు, పాలకూర సూపు. ఒకటి ఫ్లాస్కులో పోస్తాడు. మొహం చిట్లిస్తాడు. మళ్ళీ గిన్నెలోకి వంపుతాడు. రెండోది పోస్తాడు. ఏడైంది. ఎనిమిదైంది. డ్రైవరుగారు హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. వీధిలో కుక్కలన్నీ లేచి ఆయనతో గొంతు కలిపాయి.

"అన్నగారూ! చేపలు లేచి, మొహాలు కడుక్కుని, పనులకి కూడా వెళ్ళిపోయుంటాయి! వచ్చేవారం ఇలాగే అయితే నేను రాను, నా వ్యానూ రాదు!"

డ్రైవరుగారు మానేస్తే చెరువు గాలి ఉండదు. గాలి లేకపోతే బెల్టు మళ్ళీ వీపు దాకా పోతుంది! ఇది ఎలాగైనా ఆపాలి. ముప్ఫై ఏడేళ్ళు బళ్ళో పనిచేసిన బుర్ర, దానికి తెలిసిన ఆయుధం ఒక్కటే. టైం టేబుల్!

రెండు రోజులు కూర్చుని పెద్ద అట్ట మీద గీశాను. ఏడాది మొత్తానికి, యాభై రెండు ఆదివారాలకి యాభై రెండు సూపులు. చలికాలం ఎర్ర సిరా, వేసవి నీలం సిరా. గుమ్మడి పక్కన గుమ్మడి రాకుండా, ఉల్లిపాయ తర్వాత పాలకూర వచ్చేలా. బుధవారం పొద్దున్నే పట్టుకెళ్ళి అక్క వంటింటి గోడకి మేకులు కొట్టి మరీ బిగించాను.

"ఇక నువ్వు ఆలోచించక్కర్లేదు బావా. ఆదివారం వస్తుంది, అట్ట చూస్తావు, సూపు పోస్తావు."

బావ గోడ వంకే చూస్తున్నాడు. "మరి… రుచి చూడ్డం?"

"అక్కర్లేదు."

"కమిటీ?"

"రద్దు! డ్రైవరుగారిని ఇక నువ్వు రోజూ విసిగించక్కర్లేదు."

బావ నోరు తెరిచాడు. అక్క వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది. బావ నోరు మూసుకున్నాడు. ఆ మొహం అచ్చం ఆయన దగ్గరికి బాగుకొచ్చే వాచీలా ఉంది, ముళ్ళు ఉన్నాయి గానీ కదలడం లేదు. మంచి మాట మొదట చేదుగానే ఉంటుందనుకుని నేను చంకలు కొట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మూడు ఆదివారాలు ఆరింటికల్లా బయల్దేరాం. ఆరున్నరకి చెరువు గట్టున ఉన్నాం. హారన్ లేదు, కుక్కలు లేవు. ఫ్లాస్కులో ఏముందని ఎవరూ అడగలేదు, అట్ట మీద ఉందిగా! ముగ్గురం గాలాలేసుకుని, పరీక్ష హాల్లో పిల్లల్లా కూర్చున్నాం. మూడో ఆదివారం డ్రైవరుగారు ఎర కోసం వంగినప్పుడు నా కళ్ళు ఆయన నడుం మీద పడ్డాయి. బెల్టు రెండు చిల్లులు లోపలికి పోయింది.

ఇదేం గాలి? ఇప్పుడు రెండు గంటలు ఎక్కువే పీలుస్తున్నాడే!

ఆ బుధవారం సాయంత్రం డ్రైవరుగారు మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ తీసి తిప్పుతున్నాడు.

"మాస్టారూ, మొన్నటి క్యారెట్ సూపులో ఉప్పు ఎక్కువైంది."

"లేదే, బాగానే ఉంది."

"ఎక్కడ బాగుందండీ? ముందుగా ఎవరైనా రుచి చూసుంటే తెలిసేది."

"దానికోసం మిమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టడం ఎందుకని…"

"ఇబ్బందని నేనన్నానా?"

"హారన్ కొట్టారు కదా! రానన్నారు కదా!"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపానండీ. హారన్ కొట్టినంత మాత్రాన గుద్దేస్తామా?"

తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "డబ్బా నిండా సూపు, ఆరు బ్రెడ్డు ముక్కలు. దాన్ని రుచి చూడ్డమంటారా మాస్టారూ ఎవరైనా? అది భోజనం. నాకు తెలీదా? మొదటి రోజే తెలుసు. పెడితే తిననని ఆయనకీ తెలుసు. అందుకే తినమనలేదు, పని చెప్పాడు. నేనూ ఊరికే తినలేదండీ, పని చేసే తిన్నాను. బుక్కు చూశారుగా! పాసు చేస్తే మర్నాడు రాడేమోనని, ఒక్కదాన్నీ పాసు చెయ్యలేదు." టోపీ పెట్టుకుంటూ, "నాకు తెలుసని ఆయనతో అనకండి. ఆయన సిగ్గుపడతాడు" అన్నాడు.

చెరువు గాలి! నలభై ఊళ్ళలో చెప్పాను నేను, చెరువు గాలని!

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా అక్క ఇంటికి పరిగెత్తాను. బావ వంటింట్లో స్టూలు మీద కూర్చుని, భూతద్దం పెట్టుకుని, ఖాళీ ఫ్లాస్కులోకి చూస్తున్నాడు.

"బావా! నా టైం టేబుల్లో ఘోరమైన తప్పు దొర్లింది!"

"ఏంట్రా?"

"పాఠాలు పెట్టాను గానీ పరీక్షలు పెట్టలేదు. పరీక్షల్లేని టైం టేబుల్ ఎక్కడైనా ఉందా? నా పరువు పోతుంది!"

బావ భూతద్దం తియ్యకుండానే తలెత్తాడు. ఆ కన్ను గుమ్మడికాయంత కనిపించింది. "పరీక్షలు ఎప్పుడు పెడతావు?"

"బుధ, గురు, శుక్ర, శని. సాయంత్రాలు. సోమ, మంగళ ఫ్లాస్కు ప్రాక్టికల్సు."

"ఇవాళ బుధవారమేగా?"

"బుధవారమే!"

వాచీ కదిలింది. ఆ లేవడం లేవడం స్టూలు ఒకవైపు, ఫ్లాస్కు మూత ఒకవైపు. "ఏమేవ్, గుమ్మడికాయ ఏదీ? పెద్ద గిన్నె ఏదీ? టైం ఎంతైంది?" ఇంట్లో పదహారు గడియారాలున్నాయి, టైం నన్నడుగుతున్నాడు.

అక్క గోడవైపు తిరిగి అట్ట మేకులు పీకుతోంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది.

"ఏడాదిన్నర పట్టిందిరా నీకు. పిల్లలకి పాఠాలెలా చెప్పావో!"

"నాకు ముందే చెప్పొచ్చుగా అక్కా?"

"నీకా? నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా? తెల్లారేసరికి ఊరంతా చెప్పేవాడివి. డ్రైవరుగారు డబ్బా మూత కూడా తీసేవాడు కాదు."

ఛ, ఛ. నేనలాంటివాణ్ణా? ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు మీకు చెప్పడమే. మీరెవరికీ చెప్పరుగా! బావ చదివేది వాచీ ముల్లు ఒక్కటే, డ్రైవరుగారు చదివేది మైలురాళ్ళు. కాబట్టి భయం లేదు.

ఇప్పుడు మళ్ళీ ప్రతి ఆదివారం ఎనిమిది దాటాకే బయల్దేరుతున్నాం. హారన్ మోగుతుంది, కుక్కలు అరుస్తాయి, "ఇదే ఆఖరు, ఇక రాను!" అని డ్రైవరుగారు అరుస్తాడు. బెల్టు మూడు చిల్లులు బయటికొచ్చి, నాలుగోదాని మీద కన్నేసింది.

నా చెంచా మాత్రం చెంచాగానే ఉంది. మొన్న శనివారం నేనూ ఊపిరి బిగబట్టి, బెల్టు నాలుగు చిల్లులు లోపలికి లాగి, బావ ముందు నీరసంగా నిలబడ్డాను. బావ భూతద్దం పెట్టుకుని నా పొట్టని అటు నుంచి ఇటు దాకా చూశాడు. "దీనికి బెల్టు కాదురా, గేటు కావాలి" అని, నా నోట్లో ఒక్క చెంచా పోసి, డబ్బా పట్టుకుని చక్కా పోయాడు.

నేను మాత్రం ఊరుకున్నానా? ఆయన వీధి మలుపు తిరిగేలోపు గట్టిగా అరిచాను:

"ఉప్పు తక్కువ! మళ్ళీ చేయవలెను!"