తీతువు గూటి చుట్టూ నా బియ్యప్పిండి ముగ్గు

ఈ ప్రయాణం మా దుకాణంలోనే మొదలైంది. రాయచూరు బజారులో మాది గాజుల దుకాణం. మా మామగారి నాటిది, ఇప్పుడు నేనూ మా ఆయనా చూసుకుంటున్నాం. మే నెలాఖరులో సరోజ టీచర్ వచ్చి, చప్పుడు చేయని గాజులు కావాలని అడిగింది. ఇరవై రెండేళ్ళుగా గలగలలు వినిపించి మరీ గాజులమ్ముతున్నాను, ఇలాంటి గిరాకీ ఎప్పుడూ తగల్లేదు. ఎందుకమ్మా అంటే, ఆదివారాలు పిట్టల్ని చూడ్డానికి పోతామనీ, గాజుల చప్పుడుకు అవి లేచిపోతాయనీ చెప్పింది. ఆమె సర్కారు బడిలో సైన్సు చెబుతుంది. గిల్లేసూగూరు అవతల ఒక ఊళ్ళో రైతులతో కలిసి, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల్ని కాపాడే పని నాలుగేళ్ళుగా చేస్తోందట. మన ఎండలకు, ఈ రాళ్ళ బీళ్ళల్లో చూసేందుకు ఏముంటుందని నవ్వాను. ఒకసారి వచ్చి చూసి అప్పుడు నవ్వమంది. నాకు రోషం ఎక్కువ. జూన్ మొదటి ఆదివారమే బయల్దేరాను.

పొద్దున ఐదూ ముప్పావుకు రాయచూరు బస్టాండులో మంత్రాలయం వైపు పోయే బస్సెక్కాం. మొత్తం తొమ్మిదిమందిమి. అందులో శక్తినగర్ కంపెనీ క్వార్టర్స్ నుంచి వచ్చిన దంపతులూ ఉన్నారు, వాళ్ళు నాలుగింటికే లేచారట. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్ళకు యాభై రూపాయల్లోపే అవుతుంది. ముప్పావు గంటలో గిల్లేసూగూరులో దిగి, టీ తాగి, ఖాజా భాయ్ ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై. రెండు విడతల్లో అందర్నీ చేరవేస్తాడు. అంతవరకూ లోకంలో ఉన్న ప్రతి గేదె మీదా హారన్ కొట్టిన మనిషి, ఊరు రెండు కిలోమీటర్లుందనగా చెయ్యి తీసేశాడు. ఏమైంది భాయ్ అంటే, "ఇగ హారన్ బంద్ అమ్మా. టీచరమ్మ హుకుం కాదు, ఊరోళ్ళ హుకుం," అన్నాడు. అప్పుడు మొదటిసారి నాకు ఈ వ్యవహారం మీద కాస్త గౌరవం కలిగింది.

ఆ ఊరి చేలకు కాలువ నీళ్ళు అందవు. ఎటు చూసినా ఎర్రటి గరుసు నేల, గులకరాళ్ళు, అక్కడక్కడ తుమ్మచెట్లు. ఏడాదిలో పది నెలలు ఎడారే. అంతకు ముందు రోజు సాయంత్రం తొలి వాన పడింది, పల్లాల్లో ఇంకా అరచేతి లోతు నీళ్ళున్నాయి. నాకు మొదటి పావుగంట ఒక్క పిట్టా కనబడలేదు. టీచర్ నా భుజం పట్టుకుని ఒక పక్కకు తిప్పింది. నేను రాయి అనుకున్నది లేచి పరిగెత్తింది! ఇసుక రంగు ఒళ్ళు, కంటి మీదుగా తెల్లగీత, ఆగుతూ ఉరుకుతూ పోయింది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. కౌజుల జంట, కరెంటు తీగ మీద పాలపిట్ట, చాలాసేపు వెతికితే దొరికిన తీతువు గుడ్లు. నలభై ఆరేళ్ళుగా ఈ జిల్లాలోనే ఉన్నాను. ఇన్నాళ్ళూ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నానో నాకే తెలియలేదు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది, మీరు వెళ్తే తప్పకుండా చూడండి. తొలి వాన పడగానే దుక్కికి తొందర పడతారు కదా. అంతకన్నా ముందు ప్రతి ఇంటివాళ్ళూ తమ చేనంతా ఒకసారి నడిచి, గుడ్లు కనబడితే బండి చక్రమంత జాగా వదిలేస్తారు. దాన్ని పిట్టమడి అంటారు. ట్రాక్టరు అక్కడికి రాగానే ఇనుప పళ్ళు పైకెత్తుకుని దాటిపోతుంది. డ్రైవరు ముందే చూసుకోవాలని, ఆ జాగాకు బాగా అవతలే చుట్టూ సున్నంతో గీత గీస్తారు. మా గుంపు పని ఆ గీతలు గీయడం, గూళ్ళు ఎన్నున్నాయో బడి గోడ మీద రాయడం. చదువుకున్నవాళ్ళు చెప్పారని తలూపి వదిలేసే జనం కాదు వాళ్ళు. పిట్టలు పురుగుల్ని తింటాయని తమ కళ్ళతో చూశాకే ఒప్పుకున్నారట.

ఒక్క భీమన్న మాత్రం నాలుగేళ్ళూ ఒప్పుకోలేదు. మూడెకరాల మెట్ట ఆయనది. తీతువు ఇంటి మీద అరిస్తే చావు కబురు వస్తుందని మన పెద్దవాళ్ళు అంటారు కదా, ఆయన ఎద్దు చచ్చిన రోజు కూడా అది అరిచిందట. ఈ ఏడు టీచర్ ఎన్నిసార్లు వాళ్ళ గడప తొక్కిందో, చివరికి సరేనన్నాడు. కానీ ఒక మాట తీసుకున్నాడు. గుడ్లు పిల్లలైతే ప్రతి ఏడూ వదులుతాడు. కాకపోతే అది నష్టజాతకపు పిట్టని టీచర్ ఒప్పుకుని, ఇంకెప్పుడూ తన చేను గట్టెక్కొద్దు. ఆయన మాటకు ఊళ్ళో విలువుంది, ఆయన మానేస్తే ఇంకో పదిమంది మానేస్తారు. ఆ చేన్లో నాలుగు గుడ్లున్నాయి, ఇవాళో రేపో పగిలేట్టున్నాయి. పదింటికి ట్రాక్టరు వస్తుంది.

ఇక నా ఘనకార్యం చెప్తాను. ఆ వారం సున్నం తెచ్చే వంతు నాదని టీచర్ ముందే చెప్పింది. నేను ఇంట్లో కూర్చుని తెలివిగా ఆలోచించాను. సున్నం ఘాటు కదా, అప్పుడే పుట్టిన పిల్లల కాళ్ళు కాలవా? అందుకని రెండు కిలోల బియ్యప్పిండి జల్లించి పట్టుకెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు, తర్వాత చెప్పి మెచ్చుకోలు కొట్టేద్దామని. ఎనిమిదింటికి భీమన్న చేను దగ్గర టీచర్ నన్ను వదిలి, గూటికి రెండు బారల దూరంలో గీత గీసి వెంటనే వచ్చేయమని చెప్పి, మిగతావాళ్ళతో అవతలి గట్టుకు వెళ్ళింది. నాకు రెండు బారల గీత బోడిగా అనిపించింది. మూరెడు దూరంలో గుండ్రంగా వేసి, నాలుగు దిక్కులా నాలుగు రేకులు కూడా దిద్దాను. తల్లి పిట్ట నా నెత్తి మీద తిరుగుతూ తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. కాస్త ఓపిక పట్టమ్మా, నీ ఇంటికే కదా ముగ్గు అన్నాను.

ఎనిమిదిన్నరకు ఈరమ్మవ్వ గుడిసె ముందు తిండికి కూర్చున్నాం. డెబ్బై దాటిన గొర్లకాపరి ఆమె, ఆ చేలన్నిటిలో ఏ పిట్ట ఎక్కడ కూర్చుందో ఆమెకే తెలుసు. గుంపు వచ్చిన ఆదివారాల్లో ఆమె కోడలు రొట్టెలు చేస్తుంది, మనిషికి అరవై. వేడి జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల పొడి, మజ్జిగ. నాలుగు రొట్టెలు తిన్నాను, సిగ్గేముంది. తింటూ తింటూ నా బియ్యప్పిండి సంగతి గొప్పగా బయటపెట్టాను. ఈరమ్మవ్వ చేతిలో రొట్టెముక్క అట్లాగే ఆగిపోయింది.

"బియ్యప్పిండి ఎందుకేస్తరు బిడ్డా వాకిట్ల?" అని అడిగింది.

చీమలు తినాలని. నాకు ఐదేళ్ళప్పుడు మా నాయనమ్మ చెప్పిన మాట. నేను మా కోడలికి చెప్పిన మాట. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటేనే రొట్టె పక్కన పడేసి లేచాను.

అందరం పరుగున వెళ్ళాం. వాన తడికి నేలలోంచి ఎర్రచీమలు బారులు బారులుగా లేచి నా ముగ్గు మీద కమ్ముకుని ఉన్నాయి, రేకుల మీదుగా గూట్లోకి దారి కట్టాయి. తల్లి పిట్ట కూర్చోలేక లేస్తోంది, కాళ్ళు పొడుచుకుంటోంది, మళ్ళీ కూర్చోబోతోంది. ఒక గుడ్డుకు అప్పటికే చిన్న పగులు ఉంది. లోపలి పిల్ల బయటికి రావడానికి ముక్కుతో చేసుకున్న కంత అది. అందులోకి చీమలు పోతున్నాయి. నేను చెయ్యి పెట్టబోతే ఈరమ్మవ్వ నన్ను పక్కకు నెట్టింది. తంగేడు కొమ్మతో గూటి దగ్గర్నుంచి బయటికి మెల్లగా ఊడ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని గుడ్ల మీది చీమల్ని నోటితో ఊదింది. కోడలు పొయ్యిలోంచి తెచ్చిన చల్లారిన బూడిదను చుట్టూ దట్టంగా పోసింది. ఆ తర్వాత మమ్మల్ని దూరంగా పొమ్మని అరిచింది. ఎండెక్కింది, తల్లి కూర్చోకపోతే గుడ్లు ఉడికిపోతాయి.

గట్టు మీద తుమ్మచెట్టు కింద నిలబడ్డాం. నాకు ఏడుపు ఆగలేదు. పది నిమిషాలైనా పిట్ట గూటి దగ్గరికి రాలేదు. పల్లంలోని నీళ్ళ దగ్గరికి పోయింది. భయపడి పోయిందనుకున్నాను. అది నీళ్ళల్లో కూర్చుని, పొట్ట ఈకలు తడుపుకుని, గబగబా నడుచుకుంటూ వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండలో గుడ్లు చల్లగా ఉండాలని అట్లా చేస్తుందని టీచర్ మెల్లగా చెప్పింది. అరగంటలో మూడుసార్లు పోయి వచ్చింది. అంత చిన్న ప్రాణికి అంత బుద్ధి ఎవరు నేర్పారో, నేను చేతులు జోడించాను.

పదింటికి భీమన్న వచ్చాడు, వెనకాలే ట్రాక్టరు. ఎవరూ నోరు విప్పకముందే నేను వెళ్ళి అంతా చెప్పేశాను. పిట్టది నష్టజాతకం కాదనీ, తప్పు నాదనీ, టీచరుకు ఇచ్చిన మాట నా మూలంగా తప్పొద్దనీ చెప్పాను. ఆయన గూటి వైపు నడిచాడు, కొంచెం దూరంలోనే ఆగి వంగి చూశాడు. పిట్ట లేవలేదు, ఆయన్ని చూసి రెక్కలు విప్పి అక్కడే కూర్చుంది. దాని రొమ్ము కిందినుంచి ఒక పిల్ల తల బయటపెట్టింది, కాసేపటికి ఇంకొకటి. చీమలు పట్టిన గుడ్డు మాత్రం పక్కకు జరిగి ఉంది. అందులో కదలిక లేదు.

భీమన్న తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు ఒక్కటి పోగొట్టి గింత ఏడుస్తున్నవక్కా. ఇరవై ఏండ్ల సంది నేను దున్నుతనే ఉన్న. ఎన్ని పోయినయో నాకు లెక్కే లేదు," అన్నాడు.

ఆ తర్వాత ట్రాక్టరు డ్రైవరుకు చెయ్యెత్తి, తానే ముందు నడిచాడు. గీత లేదు కదా, గీత బదులు ఆయనే గూటి పక్కన నిలబడ్డాడు. పళ్ళు ఎత్తుకుని ట్రాక్టరు దాటిన ప్రతిసారీ ఒక అడుగు జరిగి, చేనంతా దున్నేవరకూ గంటన్నర ఎండలోనే ఉన్నాడు. పన్నెండింటికి మేము బయల్దేరేటప్పటికి మూడో పిల్ల కూడా బయటికొచ్చింది. వెనక్కి వచ్చే బస్సు గిల్లేసూగూరులో ఒంటిగంట ప్రాంతంలో దొరికింది.

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆలోచించాను. నేను చెడు చేద్దామని పోలేదు, ప్రేమగానే పోయాను. అడగకుండా చేశాను, అంతే. ఆ ఊరివాళ్ళు నాలుగేళ్ళుగా చేస్తున్నది చూస్తే బయటికి చాలా చిన్న పని, బండి చక్రమంత జాగా వదలడం. దాని వెనక ఎంత నడక, ఎంత చూపు, ఎంత ఓర్పు ఉన్నాయో ఆ రోజు అర్థమైంది. పుట్టని ఆ ఒక్క పిల్ల నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను, మొదటిసారి పోగానే భీమన్న ఇంటికే వెళ్ళాను. ఆయన భార్య చాప వేసి, ఏమీ ఎరగనట్టు చాయ్ ఇచ్చింది.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. చేన్లోకి దిగాక ఎప్పుడూ ముందు నడవకండి. ఆ ఊరి మనిషి ఎవరో ఒకరు ముందు నడుస్తారు, వాళ్ళు కాలు పెట్టిన చోటే మీరూ కాలు పెట్టండి.