కాళ్ళు కాల్చే బండి

మా తిరుపతిలో కారు హీటరు గురించి మాట్లాడేవాణ్ణి చూస్తే జనం నవ్వుతారు. ఎండాకాలం స్టీరింగు పట్టుకోవడానికే తువ్వాలు కావాలి ఇక్కడ. అలాంటి ఊళ్ళో నా పాత స్పోర్ట్స్ కారుకు పట్టుకున్న రోగమేమిటంటే, హీటరు ఆగదు.

రెండు సీట్ల విదేశీ బండి అది, వయసులో నాకంటే పెద్దది. చిత్తూరులో ఒక బియ్యం మిల్లు వెనక, రేకుల షెడ్డులో, దాంట్లో కోళ్ళు గుడ్లు పెడుతుంటే చూసి కొన్నాను. బాగు చేయించాక కొన్నేళ్ళు బుద్ధిగానే తిరిగింది. డాష్‌బోర్డు మీద ఒక చిన్న లివరు ఉంటుంది. దాన్ని ఎర్రగీత వైపు జరిపితే, వెనకున్న సన్నటి కేబులు ఇంజన్ దగ్గరి కుళాయిని తెరుస్తుంది. కాగిన నీళ్ళు హీటరులోకి వచ్చి, కాళ్ళ మీద వేడిగాలి కొడుతుంది. నీలిగీత వైపు జరిపితే ఆగిపోవాలి. ఒక వానరోజు అద్దం మీది ఆవిరి పోవాలని ఎర్రగీత వైపు తోశాను. ఆ తర్వాత అది కదిలితే ఒట్టు! గట్టిగా తోద్దామంటే విరుగుతుందని భయం.

నా భార్య నాకు మేనత్త కూతురు. నన్ను కసరడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఒకసారి పుత్తూరు దాకా పోయివచ్చే లోపు కాళ్ళు రెండూ సీటు మీదికి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇల్లు చేరగానే తేల్చేసింది.

"బావా, నేనింక ఈ బండెక్కను. కాళ్ళు ఉడికిపోతాండాయి. ఆ బెంగళూరాయన కొంటానని అడగతా ఉండాడు గదా, ఇచ్చేయ్. దసరా దాకా సూస్తా, అంతే."

కోపమొచ్చింది గాని, ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బండి పోతుందని కాదు నా బాధ. ఉన్నవే రెండు సీట్లు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని హార్స్‌లీ కొండలెక్కాలనే దాన్ని కొన్నాను. ఆ సీటు ఖాళీగా ఉంటే బండి ఉంటేనేం, పోతేనేం?

మా మెకానిక్ భాయ్ ఒక్క ముక్కలో వైద్యం చెప్పాడు. "ఈ ఊర్లో హీటరెందుకన్నా? పైపు కోసి పారేస్తే పీడా పోతాది." నేను మొండివాణ్ణి. దాని ఒంట్లోది ఏదీ కోయనివ్వను. అనుమానంతో కొత్త కుళాయి వేయించాను. ఏమీ మారలేదు. కేబులు విప్పి చేత్తో తిప్పితే మాత్రం కుళాయి చక్కగా తిరుగుతోంది. అంటే జబ్బంతా లివరు దగ్గరే ఉంది.

ఆదివారం పొద్దున తల పెడల్స్ దగ్గర, కాళ్ళు సీటు మీద పెట్టుకుని తలకిందులుగా దూరాను. టార్చి పట్టమని ఆమెను బతిమాలితే సణుగుతూనే వచ్చింది. మరలు విప్పి లివరు పలకను కిందికి దించాను. దాని వెనక పసుప్పచ్చటి ముద్ద, రాయిలా గట్టిపడి ఉంది. దాంట్లో చుట్టుకుపోయిన దారం. గోటితో గీకితే గంధం వాసన.

నాకంటే ముందు ఆమెకే అర్థమైనట్టుంది, టార్చి వెలుగు కదిలింది. ఏటా ఆయుధపూజకు బండికి గంధం, కుంకుమ పెట్టి, స్టీరింగుకూ ఆ లివరుకూ పసుపుదారం కట్టేది ఆమే. కట్టిన దారం విప్పకూడదు, దానంతటదే తెగిపోవాలంటుంది. ఆ దారాలన్నీ చివికి, గంధంతో పాటు సందులోకి జారి లివరును పట్టేసుకున్నాయి.

నేను నోరు తెరిచేలోపే ఆమే అంది. "నేను దండం పెట్టింది బండికి గదా బావా. ఆడ సందుండాదని నాకేం తెలుసు?" అని నవ్వాపుకోలేక చతికిలబడింది. నాకూ నవ్వొచ్చి తల డాష్‌బోర్డుకు కొట్టుకుంది.

దారం లాగేసి, గంధాన్ని తడిగుడ్డతో నానబెట్టి తుడిచి, చుక్క నూనె వేశాను. లివరు వెన్నలా జరిగింది. తీసిన దారం పారేయబోతే ఆమె ఊరుకోలేదు, తీసుకెళ్ళి తులసికుండీలో వేసింది. బండి అమ్మడం లేదని బెంగళూరాయనకు ఫోన్ చేసిందీ ఆమే. ఆయుధపూజ నాడు గంధంగిన్నెను లివరు దాకా తెచ్చి, ఆగి, స్టీరింగుకు మాత్రం బొట్టు పెట్టి వెళ్ళిపోయింది.

మార్గశిరంలో హార్స్‌లీ కొండలెక్కాం. పైకి పోయేకొద్దీ నీలగిరి చెట్ల మధ్య మంచు దట్టమైంది. బండి గుడ్డ పైకప్పు సందుల్లోంచి చలి దూరింది. ఆమె శాలువా బిగించి కప్పుకుంది. తర్వాత నన్ను అడక్కుండానే చెయ్యి చాపి లివరును ఎర్రగీత వైపు జరిపింది. చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ హాయిగా ముందుకు చాపుకుంది.