నగరిలో వెనక్కి తీసుకున్న మాట

పుత్తూరు దాటి బస్సు నగరిలోకి వచ్చిందంటే, ఊరి కంటే ముందు మరమగ్గాల చప్పుడు పలకరిస్తుంది. మొన్న ఒక పెళ్ళికి పోతూ కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్నదాన్ని, ఆ టకటకకు ఉలిక్కిపడి లేచాను. పక్కన మా ఆయన ఏమైందని అడిగితే, "ఏం లేదు, ఎస్తేరక్క గుర్తొచ్చింది" అన్నాను. ఆయన ఆమెను ఎప్పుడూ చూడలేదు. చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పడం కష్టం, ఎందుకంటే ముందుగా ఆమె కోపం గురించే చెప్పాల్సి వస్తుంది.

డిగ్రీ అయ్యాక చిత్తూరులో ఒక చిన్న క్రైస్తవ సంఘంలో ఇంటర్న్‌గా చేరాను. పేరుకు ఇంటర్న్‌షిప్, చేసేది మాత్రం చాపలు పరవడం, మైకులు మోయడం, వాక్యం చదవడం. శనివారం వస్తే వీధి పరిచర్య. పొద్దున్నే మేడ మీద గదిలో కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చునేవాళ్ళం. ప్రార్థనలో ఎవరికేం తోచిందో చివర్లో చెప్పుకోవాలి. ఒకరికి నీలం చొక్కా, ఒకరికి నొప్పిపెట్టే మోకాలు, ఇంకొకరికి టీ కొట్టు. తర్వాత వీధిలోకి పోయి ఆ గుర్తులున్న మనిషి ఎదురుపడితే, మీ కోసం ప్రార్థన చేయొచ్చా అని అడిగి, మనసుకు అందిన మాట చెప్పడం. దాన్ని ప్రవచనం అనేవాళ్ళం. ఆ వయసులో అంతకంటే గొప్ప పని లోకంలో లేదనిపించేది, నిజం చెప్పొద్దూ.

మమ్మల్ని నడిపించేది ఎస్తేరక్క. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉండేది, గొంతు మాత్రం బజారంతా వినబడేది. ఆమె పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉండేవి. ఒకరి గుడి ముందర నిలబడి మన మాట చెప్పకూడదు. ఎవరైనా వద్దంటే దండం పెట్టి వచ్చేయాలి. "ప్రభువు చెప్పాడు" అనకూడదు, "నాకు ఇట్లా అనిపిస్తా ఉంది" అనాలి. పెళ్ళి, పుట్టుక, చావు, మందులు, ఈ నాలుగింటి జోలికి అసలు పోకూడదు. నాకు ఆ చివరిది మింగుడుపడేది కాదు. దేవుడు చెబుతుంటే మధ్యలో ఈమె ఎవరని లోపల గొణుక్కునేదాన్ని. ఒకసారి మార్కెట్లో పూలమ్మే ఆమె పిల్లలు లేరని కళ్ళు తుడుచుకుంటే, నీకు బిడ్డ పుడుతుందమ్మా అనబోయి నోరు తెరిచానో లేదో, అక్క వెనకనుంచి నా జడ పట్టి లాగింది. పక్క సందులోకి తీసుకుపోయి చెడామడా తిట్టింది.

"పుట్టకపోతే? ఆ యమ్మ నెల నెలా ఏడస్తాది. అప్పుడు నువ్వు యాడుంటావు రూతూ?"

నాకు రోషం వచ్చి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె అది గమనించనట్టే ఉంది. అంత కఠినం ఎందుకో ఆమె ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాతోపాటు ఇంటర్న్‌గా ఉన్నవాళ్ళలో సామ్యూల్ అని ఒకడు. వాడు ప్రార్థన మొదలుపెడితే గదిలో గాలి ఆగిపోయినట్టుండేది, అంత బాగా మాట్లాడేవాడు. మంచివాడు కూడా. ఎదుటి మనిషి కన్నీళ్ళు పెట్టుకుంటే వాడికీ వచ్చేవి. అదే వాడి బలం, అదే వాడి చిక్కు. ఆ శనివారం మమ్మల్ని నగరికి పంపారు. అక్క ఒక వీధికి పోయింది, నేను ఇంకో వీధికి, సామ్యూల్ మగ్గాల వీధికి. సాయంత్రం తిరుగు బస్సులో వాడు మెరిసిపోతున్నాడు. రేపు సాక్ష్యం చెప్తా, దేవుడేం చేసినాడో అప్పుడు వినండి అని ఊరించాడు.

ఆదివారం ఆరాధనకు ముందు అందరం మేడ మీద కూర్చున్నాం. సామ్యూల్ లేచాడు. మునిరత్నం అనే మగ్గం మనిషికి షుగరు ముదిరి కాలు కుళ్ళిందట, తిరుపతి ఆసుపత్రిలో కాలు తీసేయాలన్నారట. ప్రార్థనలో వీడికి ఆయన రెండు కాళ్ళ మీద నడుస్తున్నట్టు కనబడిందట. గదిలో అందరూ "స్తోత్రం" అన్నారు. అక్క అనలేదు.

"ఆయప్పకు ఏం చెప్పినావు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"కాలు తియ్యరు, ప్రభువు చెప్పినాడు అని చెప్పినా అక్కా."

"ఆసుపత్రికి ఎప్పుడు పోవాల్నంట?"

"నిన్న సాయంత్రమే పోవాల్సింది. ఇంక పోము అన్నారు. ఇంట్లో అందరూ సంతోషంతో ఏడ్చేసినారు అక్కా."

అక్క చేతిసంచి తీసుకుని లేచింది. మెట్ల దగ్గర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఎదురొచ్చారు. సంగతి విని ఆయన ముఖం మాడిపోయింది. ఆ సాక్ష్యాన్ని ఆరాధనలో అందరికీ చెప్పించాలని ఆయన అనుకున్నారు.

"ఆదివారం పూట ఆరాధన వదిలి యాడికమ్మా? దేవుని మాట పడిపోవాలనా మీ ఆరాటం?"

"అయ్యా, అది దేవుని మాటైతే నేను పోయినంత మాత్రాన పడిపోదు. మావోడి మాటైతే మనిషి పోతాడు."

సామ్యూల్‌ను రమ్మంది. నన్ను రమ్మనలేదు, నేనే వెంటబడ్డాను. నిన్ననే పోవాల్సిన మనిషి, కుళ్ళు ఎంతవరకు ఎక్కిందో అనే ఆలోచన తప్ప బస్సు దారంతా నాకు ఇంకేమీ తోచలేదు. సామ్యూల్ మధ్యలో ఒకసారి, "నిజంగా కనబడింది అక్కా, నేను అబద్ధం చెప్పలేదు" అన్నాడు. "అబద్ధమని నేనన్లేదు నాయనా. నువ్వు ఆశపడినావు. అంతే" అంది అక్క.

ఆ ఇంట్లో మమ్మల్ని చూడగానే మునిరత్నం భార్య సెల్వి పరుగున ఎదురొచ్చింది. "సర్దిన సంచి ఇప్పేసినా సామీ! ఈయన నిన్నట్నుంచి నగతానే ఉండాడు" అంటూ సామ్యూల్ చేతులు పట్టుకుంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలు పీట మీద ఉంది, గుమ్మం దగ్గరికే వాసన తగులుతోంది. చేతిలో గిన్నె. సంతోషానికి సెల్వి చక్కెర పొంగలి వండిపెట్టింది. షుగరు మనిషికి చక్కెర పొంగలి! దేవుడే బాగుచేశాక ఇంక పథ్యమెందుకని వాళ్ళ లెక్క. అక్క నేరుగా పోయి ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టింది. నుదుటి మీద చేయి వేసి చూసింది. ఒళ్ళు కాలిపోతోందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

పక్క గదిలో మగ్గం ఆడుతోంది. "ఆ మగ్గం కొంచేపు ఆపమ్మా. ఈ మాట అరిచి చెప్పలేను" అంది. సెల్వి నవ్వుతూనే పోయి ఆపింది. ఆమె మళ్ళీ నవ్వడం చాలా రోజుల వరకు నేను చూడలేదు.

"నిన్న మా పిల్లోడు చెప్పింది దేవుని మాట కాదప్పా. వాడి ఆశ. వాణ్ణి పంపించింది నేను, తప్పు నాది. నువ్వు ఈ పొద్దే ఆసుపత్రికి పోవాల."

మునిరత్నం ఆమె వైపు తిరిగాడు. "నిన్న దేవుడు సెప్పినాడంటిరి. ఈ పొద్దు కాదంటుండారు. రేపొచ్చి ఏమంటారు?"

అక్క తల దించుకుని నిలబడింది. అంతమందికి వాక్యం చెప్పే మనిషి అట్లా నిలబడటం చూసి నాకు ఏడుపొచ్చింది. అంతలో సెల్వి విరుచుకుపడింది. "ఎవురు రమ్మన్నారు మిమ్మల్ని? ఒగరొచ్చి ఆశ పెట్టేది, ఇంగొగరొచ్చి పెరుక్కునేది. పొండి బయటికి!" అరుపులకు వీధిలో మగవాళ్ళు నలుగురు పోగయ్యారు. ఎవరు మీరు, మతం మార్చను వచ్చినారా అని ఒకడు సామ్యూల్ చొక్కా పట్టుకున్నాడు. వద్దంటే వచ్చేయాలన్నది అక్క పెట్టిన కట్టుబాటే కదా, పోదాం పద అక్కా అని ఆమె చెయ్యి లాగాను. ఆమె బయటికైతే వచ్చింది గానీ వెళ్ళిపోలేదు. ఎదురుగా అరుగు అంచున, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చుంది.

"కొట్టాల్నంటే కొట్టండప్పా. ఆయనను బండెక్కించినాక పోతాం" అంది, గొంతు పెంచకుండా.

చొక్కా పట్టుకున్నవాడి చేయి వదులైంది. అప్పుడు సామ్యూల్ గడప దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాడు. "అన్నా, నాకు అనిపించింది అంతే. దేవుడు చెప్పినాడని నా నోటితో నేనే అనేసినా. నా మాట నమ్మి కాలికోసం పానం పోగొట్టుకోవద్దన్నా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. లోపలినుంచి మునిరత్నం గొంతు వినిపించింది. "సెల్వీ, సంచి సర్దు."

మా మీద కేకలేసినవాళ్ళే ఆటో పిలుచుకొచ్చి, మంచంతో సహా ఎత్తి తెచ్చి ఆయనను అందులో కూర్చోబెట్టారు. తిరుపతిలో డాక్టరు కట్టు విప్పి చూసి మా అందరినీ కేకలేశాడు, ఇంకో రోజు ఆగుంటే మనిషే దక్కేవాడు కాదన్నాడు. మరునాడు ఆపరేషను. వరండాలో సెల్వి మాకు దూరంగా గోడకానుకుని కూర్చుంది. ఆయనను లోపలికి తీసుకుపోయాక ఉన్నట్టుండి అక్క కొంగు పట్టుకుంది.

"నువ్వు పెద్దదానివి కదా. నీకైనా కనబడతాదా? ఈయన బతుకుతాడా సెప్పు."

ఆ క్షణంలో ఏ మంచి మాట చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. చెప్పేయక్కా అని నేనే మనసులో బతిమాలుకున్నాను.

"తెలీదమ్మా" అంది. సెల్వి పక్కన నేల మీద చతికిలబడింది. ఆయన బయటికి వచ్చేదాకా లేవలేదు.

మోకాలి కింద కాలు పోయింది, మనిషి మిగిలాడు. ఇప్పుడు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాడు. ఆయన ఎన్నడూ మా సంఘానికి రాలేదు, రమ్మని అక్క అడగనూ లేదు, చూసి రావడానికి మాత్రం పోతుండేది. వీధి పరిచర్య బాధ్యత అయ్యగారు ఆమె నుంచి తీసేశారు. అక్క చాపలు పరిచే పనిలోకి మారింది. ఆమె తరఫున నేనే ఇప్పటికీ కోపంగా ఉన్నాను. అక్క చనిపోయి కొన్నేళ్ళయింది.

నేను ఇప్పుడు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, వీలున్న శనివారాలు ఆసుపత్రికి పోయి రోగుల కోసం ప్రార్థిస్తాను. పోయిన నెల ఐసీయూ బయట ఒకామె నా చేతిలో బైబిలు చూసి, "మావోడు బతుకుతాడని దేవుడు ఏమన్నా సెప్పినాడా అక్కా?" అంది. బతుకుతాడని చెప్పడానికి నాలుక ఎంత తొందరపడుతుందో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తెలుసు.

"తెలీదమ్మా" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఇంక వెళ్ళిపొమ్మంటుందని అనుకున్నాను. బెంచీ మీద తన పక్కనున్న సంచి తీసి కింద పెట్టింది. నేను కూర్చున్నాను.