అవ్వ పెట్టెల దాచిన డ్రాగన్

అక్క బిడ్డ కాన్పుకు కోరుట్ల దవాఖానల చేరితే తోడుండెతందుకు నన్ను పిలిచిండ్రు. అక్కకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. సిరిసిల్లల మా ఇంట్ల బట్ట నేసే సాంచాలు నడుస్తయి. పొద్దంత గా చప్పుడుల బతికినదాన్ని, దవాఖానల గంత నిమ్మలం నాకు పడలే.

ఆపరేషన్ అయినంక పిల్ల తన సంచిలకెళ్లి లావు పుస్తకం తీసి, "చిన్నమ్మా, కండ్లు గుంజుతున్నయి. జెర చదివి వినిపియ్యరాదూ" అన్నది. నేను చదివేది పేపర్ల జిల్లా పేజీ ఒక్కటే. తెరిచేసరికి మొదట్లనే నక్షా ఉన్నది. కొండలు, వాగులు, కోట.

"ఎవలి భూమే గిది?"

"భూమి కాదు చిన్నమ్మా, గదొక రాజ్యం. అసలు లేని రాజ్యం."

"లేనిదానికి నక్షా ఎందుకే? ఉన్న భూములకే మనకు సక్కగ లేవు!"

"నవ్వియ్యకు, కుట్లు గుంజుతున్నయి."

పేపర్ చదివినట్టే చదువుకుంట పోయిన. పేర్లకు నోరు తిరగక, కథల పిల్లను ఉత్తగ 'పిల్ల' అన్న. గా పిల్ల తల్లిదండ్రి లేనిది. తప్పిపోయిన తమ్మున్ని ఎతుక్కుంట గుహలకు పోతది. లోపల డ్రాగన్ పండుకొని ఉంటది.

"ఆగు బిడ్డా," అని పక్క మంచం కాడి నుంచి ఒక అవ్వ అన్నది. కథలాపూర్ నుంచి కోడలికి తోడొచ్చింది. "డ్రాగనంటే ఏంది?"

"రెక్కలున్న ఉడుమనుకో అవ్వా. ఇల్లంత ఉంటదట. నోట్లకెళ్లి మంటొస్తది."

"ఏం తింటది?"

"గొర్లను."

అవ్వ లేచి కూసున్నది. వాళ్లకు మంద ఉన్నదట. "మరి కాపరి ఏం జేస్తుండు? కుక్కలు లేవా?" కాపరి సంగతి పుస్తకంల లేదంటే, రాసినాయనకు గొర్ల గురించి ఏం తెల్వదని తీర్పు చెప్పింది. అయినా, "ఊ, చదువు" అన్నది.

సూదిమందు ఇయ్యనొచ్చిన సిస్టర్, "గిది దవాఖాననా, బతుకమ్మ ఆటనా?" అని కోపం జేసింది. సూది ఇచ్చినంక తలుపు కాడ ఆగి, "గా పిల్ల లోపలికి పోయిందా?" అని అడిగింది.

అప్పటికే మా బాలింత నిద్రపోయింది. నేను ఆపలే. ఒక చేత్తోని పసిపిల్ల ఊయల ఊపుకుంట, ఇంకో చేత్తోని పుస్తకం పట్టుకున్న. నలభై ఏండ్లు దాటినదాన్ని, అబద్ధాల కథలు పనిలేనోళ్లకని అనుకునేదాన్ని. గా గుహల పిల్ల అడుగేస్తుంటే ఊయల ఊపుడు మరిచిన.

గప్పుడే మా ఆయన ఫోన్ జేసిండు. "ఎప్పుడొస్తవ్?"

"ఆగుండ్రి. పిల్ల ఇంకా గుహలనే ఉన్నది. బయటికొస్తదో రాదో!"

ఫోన్ పెట్టేసిన. ఆయన అదిరిపడి అక్కకు ఫోన్ జేసి, పిల్లకేదో అయిందన్నడట. జెరసేపటికి అక్క, మెట్లెక్కలేని మా అక్క, ఆయాసపడుకుంట వార్డులకు ఉరికొచ్చింది. పసిపిల్ల ఊయలల ఉన్నది, తల్లి గుర్రు పెడుతున్నది, నేను, అవ్వ పుస్తకం మీదికి వంగి ఉన్నం. అక్క నన్ను తిట్టిన తిట్లు ఈడ రాసేటియి కావు.

డిశ్చార్జి నాటికి పుస్తకం ఒడిసింది. పిల్ల డ్రాగన్ మీదికెక్కుతది, అది రెక్కలిప్పి పైకి లేస్తది, గంతే. మిగిలింది రెండో భాగంల. "గిదేం మర్యాద? సగంల లేపి పంపుడా?" అని అవ్వ గరమైంది. నా నంబరు తీసుకున్నది.

జగిత్యాలల పెండ్లికి పోయినప్పుడు పుస్తకాల దుకాణంల అడిగిన.

"ఏ క్లాసమ్మా?"

"క్లాసు కాదన్నా, కథ. డ్రాగన్‌ది రెండో భాగం."

"స్టేట్ సిలబసా, సెంట్రలా?"

ఆఖరికి అక్క బిడ్డనే ఆన్‌లైన్ల తెప్పించింది. పార్శిల్ అచ్చిన తెల్లారే కథలాపూర్ బస్సెక్కిన. అవ్వ వాకిట్ల చాప పరిచి వాడకట్టు ఆడోళ్లను జమ చేసింది. మొదటి భాగం అందరికీ ఆమెనే చెప్పిందట, కాపరిని, రెండు కుక్కలను కలిపి. గొంతు పోయేదాక చదివిన. బస్సు టైమైందని లేస్తే అవ్వ పుస్తకం గుంజుకున్నది.

"గిది ఈడనే ఉంటది. తీస్కపోతే నువ్వు ముందటికి చదువుతవ్."

"చదవ అవ్వా, ఒట్టు."

"నీ మొకంలనే కనవడుతున్నది" అని చీరల చుట్టి, పెట్టెల పెట్టి తాళమేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం కథలాపూర్ పోతున్న. "గంత పనేమున్నదే ఆడ?" అని మా ఆయన అడుగుతుండు. డ్రాగన్‌కు బాణం తాకింది, బతుకుతదో లేదో తెల్వదని ఆయనకెట్ల చెప్పాలె?