మామ్మ తన చేత్తో తిన్న ముద్ద

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉండగా, మా మామ్మకు అన్నం తినిపించే పని నా నెత్తిన పడింది. గోదావరి మీద ఆనకట్ట కట్టి, మా రాజోలు వైపు కాలువలు తవ్వుతున్న రోజులవి. నాన్న మట్టిపనికి పోయి నెలల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మ పొద్దస్తమానం చేలోనే ఉండేది. ఉన్నట్టుండి ఒకరోజు మామ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. కాలీడ్చుకుంటూ నాలుగడుగులు వేసేది గానీ, కుడిచెయ్యి మాత్రం ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఒళ్ళో పడి ఉండేది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయేది! బయట పిల్లలంతా కేకలేస్తూ ఆడుకుంటుంటే నేను ముద్ద పట్టుకుని, నోరు తెరవమని బతిమాలుతూ కూర్చోవాలి. ఆవిడేమో పెదాలు బిగించేసేది. మూడు ముద్దలు తింటే గొప్ప. కోతలకు వచ్చినవాళ్ళందరికీ వండి వార్చిన మనిషికి, మనవరాలి చేతి ముద్ద కోసం నోరు తెరవడమంటే ప్రాణం ఒప్పేది కాదు కాబోలు. అది నాకప్పుడు తెలిస్తేగా! పోనీ ఎడంచేత్తో తినమంటే, ఛీ, చచ్చినా ముట్టనని తల అడ్డంగా ఊపేది. చూస్తుండగానే చిక్కి సగమైపోయింది. నాన్న వచ్చేదాకా ఉంటుందో ఉండదో అని అమ్మ చాటుగా ఏడ్చేది.

కబురు విని మామిడికుదురు నుంచి మా మేనత్త పడవెక్కి వచ్చింది. రెండు పూటలు నా తినిపించే తంతు చూసింది. మూడో పూట అరిటాకులో పప్పూ అన్నం కలిపి మామ్మ ముందు పెట్టి, మమ్మల్నందరినీ బయటికి తోలి, తడిక మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

అమ్మకు కంగారు పుట్టింది. "అదేంటండీ వదినగారూ, ఆవిణ్ణి పస్తు పెడతారేంటి? ఎడంచేత్తో గానీ తిన్నారంటే ఊళ్ళోవాళ్ళు నవ్విపోరూ?"

"ఏ చేత్తో తింటే మనకెందుకు? చూసేవాళ్ళు లేకపోతే మా అమ్మ ఎలాగోలా తింటాది. నువ్వు కాస్త ఊరుకో."

"ఆయ్, మీ ఇష్టమండి," అంది అమ్మ, మనసొప్పకపోయినా.

చాలాసేపటికి తడిక తీస్తే నేలంతా మెతుకులు, చీరంతా మెతుకులు. అయినా ఆకు సగం ఖాళీ. రోజూ అంతే. ఏ చెయ్యని ఎవరూ అడగలేదు.

నేనా ఊరుకునేదాన్ని? వారం తిరక్కుండానే, అత్త నూతి దగ్గరికి వెళ్ళినప్పుడు తడిక సందులోంచి తొంగి చూశాను. మామ్మ ఎడంచేత్తో అన్నం ముట్టడం లేదు. ఆ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పడిపోయిన చేతినే ఆకులోకి దించి, వంకరపోయిన వేళ్ళ మధ్య నాలుగు మెతుకులు ఇరికించి నోటిదాకా ఎత్తుతోంది. సగం దారిలోనే జారిపోతున్నాయి. మళ్ళీ దించుతోంది. మొహమంతా చెమట. అబ్బబ్బ, ఎంత నెమ్మదో! నావల్ల కాలేదు. తడిక తోసుకుని లోపలికి పోయి, గబగబా ముద్ద కలిపి ఆవిడ నోట్లో పెట్టేశాను.

మామ్మ దాన్ని మింగలేదు, ఉమ్మలేదు. పట్టుకున్న మణికట్టు వదిలేసింది. కళ్ళ నీళ్ళు కారిపోయాయి. జబ్బు పడ్డాక ఆవిడ ఏడవడం అదే మొదలు.

అత్త వచ్చి కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నీ ఆత్రం తగలెయ్య! సాయం కావాలా అని ఒక్క ముక్క అడిగేవా?" అంది. అడగలేదు మరి.

ఆ తర్వాత నాలుగు రోజులు మామ్మ గంజి తప్ప ఏమీ ముట్టలేదు. ఆ నాలుగు రోజులూ నాకూ అన్నం సయించలేదు. ఐదో రోజు తనే గొంతు పెగుల్చుకుని, ముద్దముద్దగా, తడిక వెయ్యమంది. ఏడాది తిరిగేసరికి ఆ చెయ్యి ఆసరా లేకుండా గుండెదాకా లేచేది, అంతే. వేళ్ళు మాత్రం చివరిదాకా విచ్చుకోనేలేదు. కానీ పోయేదాకా ఎవరిచేతా తినిపించుకోలేదు.

ఇప్పుడు నా వయసు అప్పటి మామ్మ వయసు దాటింది. మా ఆయనకు మోకాళ్ళు పోయాయి. అరుగు దిగడానికి ఆయన తీసుకునే సేపట్లో నేను బియ్యం కడిగి ఎసట్లో పోసి రాగలను. నా ఆత్రం ఏమీ తగ్గలేదు, చెయ్యి ముందుకు పోతూనే ఉంటుంది. "పట్టుకోమంటారా?" అంటాను. "వద్దే," అంటారు. తల అటు తిప్పుకుని, పళ్ళు బిగబట్టి కూర్చుంటాను. ఏడుగురు పిల్లల్ని కన్నాను గానీ, అలా ఊరుకుని కూర్చోవడమంత కష్టమైన పని నేనింకొకటి ఎరగను.