జున్ను గిన్నెతో వచ్చిన టైరు

నాకు ఉద్యోగం వచ్చినట్టు కాగితం అందిన ఉదయమే నా మోటారు సైకిలు వెనక టైరులో లోపలి గుడ్డ బయటపడింది. కాగితంలో ఉన్న షరతు ఒకటే. నీళ్ల పైపులైన్లు తనిఖీ చేసే మనిషికి సొంత మోటారు బండి ఉండాలి, అది మంచి స్థితిలో ఉండాలి. శాఖ బండ్లన్నీ యుద్ధం పనుల మీద పోయాయి. శనివారం పొద్దున అధికారి స్వయంగా బండిని చూసి, నచ్చితేనే చేర్చుకుంటాడు. నచ్చకపోతే వరసలో నా వెనక ఉన్నవాడిని పిలుస్తాడు.

ఆ బండి నాకెలా వచ్చిందో ముందు చెప్పాలి. పాలవాళ్ల ఇంట్లో స్పోర్ట్స్ మోటారు సైకిలు ఉండడం దబీర్‌పురాలో అందరికీ వింతే. నేను చదివిన టెక్నికల్ స్కూలు షెడ్డులో అది విప్పి పడేసిన ముక్కలుగా ఉండేది. దాన్ని వదిలేసి ఎవరో ఇంగ్లీషు ఇంజినీరు తన దేశం వెళ్లిపోయాడు. ఎవరికీ అక్కర్లేని ఆ ఇనుమును బడి వాళ్లు నాకిచ్చేశారు. చదువుకున్నన్నాళ్లూ ఒక్కో భాగం కడిగి, గీసి, బిగించి దాన్ని నిలబెట్టాను. హ్యాండిలు కిందికి, సైలెన్సరు పైకి, ఇంజను మహా చురుకు. అలాంటి బండికి వెనక టైరే ముందు అరుగుతుంది. ఇంజను లాగే బలమంతా దాని మీదే పడుతుంది. ముందు టైరు ఇంకా బాగానే ఉంది. కాబట్టి నా అవసరం ఒక్క వెనక టైరు.

కానీ అవి తూర్పు నుంచి రబ్బరు రావడం ఆగిపోయిన రోజులు. కొత్త టైరు కావాలంటే సర్కారు అనుమతి కావాలి. అది డాక్టర్లకూ పోలీసులకూ దొరికేది, ఉద్యోగంలో ఇంకా చేరని నాబోటి వాడికి కాదు.

నేను అఫ్జల్‌గంజ్‌లో టైర్ల దుకాణాలన్నీ తిరిగాను. చివరి దుకాణంలో సేఠ్ గల్లా మీద మోచేయి ఆనించి నన్ను ఎగాదిగా చూశాడు.

"కొత్త టైరా? భాయ్, చార్మినార్ అడుగు, తెచ్చిస్త. కొత్త టైరు మాత్రం అడగకు."

"పాతదైనా సరే, మంచిది చూపియ్యి సేఠ్."

అతను మూడు తెచ్చి నా ముందు పడేశాడు. మొదటిది పాతకాలపు రకం, అంచు లావుగా కొక్కెంలా ఉంటుంది. నా చక్రమేమో, అంచులో తీగ ఉండే టైరు కోసం చేసింది. రెండూ కలవవు. బలవంతంగా ఎక్కించినా మలుపులో ఊడిపోతుంది. రెండోది పక్కన మనిషి కూర్చునే తొట్టి తగిలించిన మోటారు సైకిలుది. చక్రానికి పడుతుంది కానీ వెడల్పు ఎక్కువ, చైను మీది రేకుకు రాసుకుంటుంది. పైగా ముఖం చదునుగా అరిగింది, వంగి తిరగాల్సిన బండికి పనికిరాదు. మూడోది చూడ్డానికి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించింది. గోరుతో అంచు గీరి చూశాను. అతుకు ఒకచోట పలచగా లేచింది. ఎడ్లబండి వేగంతో పోతే ఎన్నాళ్లైనా ఉంటుంది. నా బండి వేగానికి వేడెక్కితే పట్టా ఊడి చక్రానికి చుట్టుకుంటుంది.

"అది ఊడిపోతది సేఠ్. శనివారం సాబ్ బండి చూసి నౌకరి ఇస్తడు."

"నీ సాబ్ బండెక్కి ఊరేగుతడా ఏంది? బొటనవేలితో నొక్కుతడు, సంతకం పెడ్తడు. ఉద్యోగం ముఖ్యమా, రబ్బరు ముఖ్యమా?"

నవ్వొచ్చింది కానీ మాట కొట్టిపారేయలేకపోయాను. గురువారం సాయంత్రం దాకా అది నాకోసం ఉంచమని చెప్పి ఇంటికి వచ్చాను.

సంగతి విన్నాక, మేం బాపు అని పిలిచే మా నాన్న గడ్డి కోస్తున్న కత్తి ఆపి, "టేషన్ అవుతల దేవిడీ సాబ్ ఇంట్ల టైరు చూసిన. పాలు పోసే కాడ గోడకు ఏలాడుతది. బట్టల చుట్టి పెట్టిండు," అన్నాడు.

దేవిడీ అనే ఆ పాత పెద్ద మేడలో ఉండే సాబ్ సంగతి మాకు కొంత తెలుసు. వయసులో ఉన్నప్పుడు సరిగ్గా నా బండిలాంటిదే నడిపేవాడు. ఒకసారి పడి మోకాలు బిగుసుకుపోయాక బండి ఇచ్చేశాడు. ముందే తెప్పించుకున్న టైరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇద్దరం వెళ్లాం. సాబ్ చేతికర్ర ఊతంగా లేచి తనే టైరు దించి, పాత షేర్వానీ గుడ్డ విప్పాడు. సుద్దపొడి రాలింది. పక్కలు వంచి చూశాను, ఒక్క పగులు లేదు. గోరుతో నొక్కితే రబ్బరు లోపలికి దిగి మళ్లీ పైకి వచ్చింది. అంచులో తీగ ఉంది, కొలత నాదే, ముఖం గుండ్రంగా ఉంది. వెతకడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఎంతకిస్తరు సాబ్?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎంతకా? నేను దుకాన్ పెట్టిననా బేటా?" తర్వాత మా బాపు వైపు తిరిగి మెత్తబడ్డాడు. "నీ బర్రె ఈనెతట్టుంది కద. జున్ను తినక ఎన్నేండ్లాయె. జున్నుపాలు తెచ్చియ్యి, టైరు తీస్కపో. హిసాబ్ బరాబర్."

"తప్పకుండ సాబ్!" అన్నాను వెంటనే. రైలు పట్టాలు దాటాక బాపు ఆగాడు.

"గా టైరు మనకొద్దు బిడ్డా."

"ఎందుకు బాపు?"

"జున్నుపాలు అమ్ముతమా మనం?"

"అమ్ముడేంది? పైస తీసుకుంటలేము గద."

"పైస తీసుకున్నా, వస్తువు తీసుకున్నా అమ్మినట్టే."

మా ఇళ్లలో ఈనిన బర్రె తొలిపాలు ముందు దూడకు, తర్వాత మైసమ్మ తల్లికి, ఆ తర్వాత వాడకట్టులోని ఇరుగుపొరుగుకు. పోసి ఇవ్వడమే, అమ్మడం లేదు. అమ్మితే పొదుగు ఎండిపోతుందని పెద్దల మాట. పొదుగుకూ బేరానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. ఆ మాటే అన్నాను. ఉద్యోగం పోతుందని కూడా అన్నాను. బాపు కోప్పడలేదు.

"నీ ఫీజులు, నీ బుక్కులు, నీ బూట్లు, అన్నీ గీ బర్రెల మీదికెల్లే వచ్చినయి. నేనెన్నడు గా తొలిపాలు మాత్రం ముట్టలె. ఇప్పుడు నీ నౌకరి కోసం ముట్టమంటవా?"

వద్దులే బాపు అన్నాను. అన్న మాటకు కట్టుబడి, మిగిలింది అతుకు టైరే అని మనసును సిద్ధం చేసుకున్నాను. అధికారిని మోసం చేసి చేరడమా, చేరకపోవడమా అన్నది ఒక్కటే తేలలేదు.

గురువారం పొద్దున బర్రె ఈనింది. దూడ తాగాక, మైసమ్మ దగ్గర పెట్టాక, అమ్మ ఇంటింటికీ గిన్నెలు నింపి పంపింది. బాపు ఇత్తడి గిన్నె ఒకటి విడిగా నింపి గుడ్డ కప్పాడు.

"సాబ్‌కు ఇచ్చొస్త. నోరు తెరిచి అడిగినోనికి ఇయ్యకుంటె ఎట్ల? నువ్వు రా, కని టైరు మాట ఎత్తినవో సూడు!"

సాబ్ గిన్నె చూసి పిల్లాడిలా సంబరపడ్డాడు. బాపు నిలబడే తన మాట చెప్పేశాడు. "సాబ్, గివి ఊరికెనే ఇస్తున్న. టైరు కోసం కాదు. టైరు మాకొద్దు."

"గట్లెట్ల? జుబాన్ ఇచ్చిన గద, మాటంటె మాటే."

"మేం జున్నుపాలు అమ్మం సాబ్. తప్పు పట్టకున్రి."

సాబ్ బాపు ముఖం చూసి తలాడించాడు. వంట చేసే బూబమ్మను పిలిచి పాలు లోపలికి పంపాడు. ఆమె కడిగిన గిన్నె తెచ్చి ఇవ్వబోతే బాపు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఖాళీ గిన్నె ఇయ్యకమ్మా. జున్నుపాల గిన్నె వట్టిగ మళ్లిస్తె బర్రెకు మంచిది కాదు. గింత బెల్లం ముక్కనో, ఇన్ని బియ్యం గింజలో వేసి ఇయ్యి."

"అచ్ఛా!" అన్నాడు సాబ్. "ఏదన్న వేసి ఇయ్యాలె?"

"అవు సాబ్. ఇంట్ల ఉన్నది ఏదన్న."

సాబ్ కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్లాడు. వచ్చేటప్పుడు టైరు భుజాన ఉంది. దాన్ని నేల మీద పడుకోబెట్టి, ఇత్తడి గిన్నెను సరిగ్గా దాని మధ్యలో పెట్టాడు.

"తీస్కో. గిన్నె ఖాళీగ లేదు."

"సాబ్, గిది బెల్లమా?"

"బెల్లం లేదు. జంగ్ నడుస్తుంది, నీకు తెలవదా?"

"నాలుగు బియ్యం గింజలన్న..."

"రేషన్."

"పోనీ, గింత ఉప్పు?"

"ఉప్పు సుత ఖతమ్."

తలుపు దగ్గర నుంచి బూబమ్మ, "హాయ్ అల్లా, ఉప్పు జాడీ నిండుగ ఉంది గద!" అంది.

"నువు చుప్!" అని సాబ్ ఆమె మీద కేకేసి, బాపు వైపు తిరిగాడు. "ఇంట్ల ఉన్నది ఏదన్న అని నువ్వే అన్నవు. వద్దంటె గిన్నె వట్టిగ తీస్కపో. బర్రె నీది, ఫికర్ నీది."

బాపు గిన్నె వైపు చూశాడు, టైరు వైపు చూశాడు. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను, మాట ఎత్తనన్న షరతు నాకు గుర్తుంది. చివరికి బాపు భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోలేకపోయాడు. "మస్తు హుషారున్నవు సాబ్," అని టైరు ఎత్తి తన భుజానికే వేసుకున్నాడు. గిన్నె నాకిచ్చాడు. దారంతా తనలో తనే, "ఉప్పు ఖతమట," అనుకుంటూ నడిచాడు.

శుక్రవారం ఊళ్లో దుకాణాలకూ కచేరీలకూ సెలవు. వాకిట్లో సబ్బునీళ్లు పెట్టుకుని టైరు ఎక్కించాను. బాపు చక్రం కదలకుండా పట్టుకున్నాడు. ట్యూబు మడత పడలేదని, అంచు గీత చుట్టూ సమంగా వచ్చిందని, చక్రం తిప్పితే ఎక్కడా రాయడం లేదని చూసుకున్నాను. అతుకు టైరు మరొకరికి ఇమ్మని సేఠ్‌కు ముందురోజు సాయంత్రమే కబురు పంపేశాను.

శనివారం అధికారి బండి చుట్టూ తిరిగాడు. సేఠ్ చెప్పినట్టే బొటనవేలితో నొక్కాడు. తర్వాత సేఠ్ చెప్పని పని చేశాడు. వంగి టైరు మీది అక్షరాలు చదివాడు.

"విలాయతీ టైరు. కొత్తది. పర్మిట్ ఉందా?"

"లేదు సార్."

"చోర్ బజార్ల కొన్నవా?"

నిజం ఎంత వింతగా వినిపిస్తుందో తెలిసి కూడా చెప్పాను. "కొనలేదు సార్. జున్నుపాల గిన్నె వట్టిగ ఇయ్యరాదని, దాంతోపాటు ఇచ్చిన్రు."

ఆయన కళ్లద్దాలు తీశాడు. మొదటి నుంచీ మొత్తం చెప్పమన్నాడు. చెప్పాను. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నవ్వుతో ఆయన పొట్ట కదలడం మొదలైంది.

"మా ఇంట్ల పసుపు వేసి ఇస్తరు," అన్నాడు. "నేను చిన్నప్పుడు పాలోల్లకు గిన్నె మళ్లిస్తుంటి. అబద్ధమాడెటోడు గీ ముచ్చట కట్టలేడు. పో, మూసీ అవుతల నీళ్ల పెద్ద నల్ల దాక పోయి రా, బండి చూస్త."

అప్పుడే జల్లు పడి రోడ్డు తడిసి ఉంది. మూసీ వంతెన దగ్గర మలుపులో బండిని వంచాను. వెనక చక్రం నేలను వదల్లేదు. తిరిగి వచ్చేసరికి ఆయన నా కాగితం మీద సంతకం పెట్టి ఉంచాడు.

ఆ టైరు యుద్ధం అయిపోయేదాకా నన్ను మోసింది. ఆ జీతంతో మా ఇంటి కప్పు మారింది, నా తమ్ముడు చదువుకున్నాడు. పనికి వెళ్లే దారి కాకపోయినా రోజూ దేవిడీ ముందు నుంచే వెళ్లేవాడిని. సాబ్ మేడ మీద కుర్చీలో కూర్చుని ఉండేవాడు. షుక్రియా చెప్పడానికి బండి ఆపబోతే కర్ర ఊపి పొమ్మనేవాడు. ఒకరోజు మాత్రం ఆయనే అరిచి ఆపాడు. చెప్పుకోవడానికి ఇప్పటికైనా అవకాశం ఇచ్చాడనుకుని ఇంజను ఆపి, సంతోషంగా తలెత్తాను.

"షుక్రియా గిట్ల తర్వాత బేటా," అన్నాడు పైనుంచి. "ముందు నీ చైన్ బిగించుకో. వీధి చివరి కాడికెల్లి దాని సప్పుడు ఇనబడుతుంది!"