నిన్ను గాదు, పనిని అన్న

మా పెండ్లయిన కొత్తల మా సారు ఖానాపూర్ బడిల ఇంగ్లీషు పంతులు. నేను కరీంనగర్ దిక్కు పల్లెల పుట్టి ఏడో తరగతి దాక చదివినదాన్ని. కాపురానికొచ్చిన తొలినాడు ఆయనకు అన్నం పెడుతుంటే గంటె ఒరిగి పప్పుచారు విస్తరి దాటి చాప మీదికి పారింది. "క్లమ్జిలీ" అన్నడు, మెల్లగ, కోపం లేకుంట. నాకది 'పర్వాలేదు' అన్నట్టు వినబడ్డది. నవ్విన కూడ. ఆ నవ్వు యాదికొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతది.

అప్పటిసంది నేనేం జేసినా దాని ఎనుక ఒక ఇంగ్లీషు మాట. బిందె చంకనెత్తుకొని గడప దాటితే "ఆక్వర్డ్‌లీ". పెనం మీద జొన్నరొట్టె అంచు మడత పడితే మళ్ల "క్లమ్జిలీ". ఆయన చెల్లె పెండ్లిల పట్టుచీరె కట్టుకొని నలుగురి నడుమ కూసుంటే, వంగి చెవుల "అన్‌గ్రేస్‌ఫుల్లీ" అని పోయిండు. పక్కనే మా అవ్వ ఉన్నది.

"అల్లుడు ఏమన్నడు బిడ్డా?"

"ఏదో ఇంగ్లీషుల మెచ్చుకున్నడే."

పాపం అవ్వ మురిసిపోయి పెండ్లికొచ్చినోళ్లందరికీ చెప్పుకున్నది.

మా ఎదురింట్ల సర్కారు దవాఖాన నర్సు ఉంటుండె. ఒకనాడు ఇద్దరం బియ్యం ఏరుకుంట కూసున్నప్పుడు అడిగిన. "మా సారు ఎప్పుడూ క్లమ్జిలీ అంటడు. అంటే ఏంది చెల్లె?"

ఆమె చేతుల చాట ఆగింది. "ఎవలనంటడు?"

"నన్నే."

చాట కింద పెట్టింది. "అంటే, చేతగానట్టు అక్కా. మోటుగ. చెయ్యి ఒక దిక్కు, పని ఒక దిక్కు అన్నట్టు." మిగిలిన రెండు మాటలు గూడ అడిగిన. అవి గూడ దాని చుట్టాలే.

ఆ పొద్దు సారు బడినుంచి రాంగనే నిలబెట్టి అడిగిన. "నేను మోటుదాన్నా?"

"ఎవలన్నరు?"

"మీరే. రోజూ."

చెప్పులు ఇడుసుకుంట తాపీగ పాఠం మొదలుపెట్టిండు. "అది క్రియావిశేషణం. మనిషికి తగలది, పనికి తగులుతది. నిన్ను గాదు, పనిని అన్న."

"పని ఎవలు జేసిన్రు?"

"అది కర్త. అది వేరే."

తిట్టి, తిట్టలేదని వ్యాకరణం చూపెట్టే మనిషితోని ఏం కొట్లాడుతం? పక్కింటాయన పెండ్లాన్ని తిడితే ఆమె తిరిగి తిడుతుండె, ఇద్దరికీ చెల్లుకు చెల్లు అయితుండె. నాకు తిరిగి తిట్టెతందుకు భాష లేకపాయె. ఇగ పనులైనంక నర్సు దగ్గర కూసోని ఇంగ్లీషు నేర్చుకునుడు షురూ జేసిన. మంచి మాటలు ఎంత చదివినా నిలువలే. చెడ్డయి మాత్రం ఒక్కసారికే అంటుకున్నయ్.

తర్వాత ఆడబిడ్డ కొడుకు అక్షరాభ్యాసానికి అందరం బాసర పోయినం. గోదావరిల తానాలు జేసి మెట్లెక్కుతున్నం. నా తడిచీరె కాళ్లకు చుట్టుకుంటుంటే ముందు పోతున్న సారు ఎనక్కి తిరిగిండు. "గా నడుసుడు జూడు, ఆక్వర్డ్..." అనంగనే ఆయన కాలు జారింది. పంచె తొక్కుకొని నా పక్కకెళ్లే దొర్లి దబ్బున నీళ్లల్ల పడ్డడు. అందరు "అయ్యో" అన్నరు. నా నోట్లకెళ్లి మాత్రం గట్టిగ "క్లమ్జిలీ!" అని వచ్చింది.

ఆడబిడ్డ పెనిమిటి పట్టి లేపుతుంటే, నొప్పికి మూలుక్కుంటనే సారు నా దిక్కు జూసిండు. "క్లమ్జిలీ గాదు. సడన్‌లీ."

గట్లుంటది. పడ్డోనికి అంతా సడన్‌లీ, చూసినోళ్లకే క్లమ్జిలీ. "నేను మిమ్ముల అన్లే, పడుడును అన్న" అన్న. ఆడబిడ్డకు ఏం సమజ్ గాక మా ఇద్దరి మొఖాలు జూసుకుంట నిలవడ్డది.

బొక్క ఇరగలే గని చీలమండ వాచి మంచానికి పడ్డడు. బడికి పోలేక పిల్లల పరీక్ష కాయితాలు ఇంటికే తెప్పిచ్చుకున్నడు. ఒకనాడు నేను వంటింట్ల ఉండంగ నన్ను పిలువకుంటనే లేసి, చేతికర్ర తగిలిచ్చి నీళ్ల బకెట్ బోర్లేసిండు. నేల మీద పరిసిన కాయితాలన్నీ తడిసినయ్. నేను ఉరికొస్తే, ఏమంటనో అని నా మొఖం దిక్కే జూస్తుండు.

నా దగ్గర అప్పటికి మాటలు మస్తున్నయ్. "జర కాలు లేపుండ్రి, తుడుస్తా" అన్న.

"ఏమనవా?"

"ఏమన్నా తుడిసేది నేనే గదా."

ఆయన ఒంటికాలు మీద నిలవడి ఒక్కొక్క కాయితం తీగ మీద ఆరేసుడు పెట్టిండు. సగం కిందనే పడుతున్నయ్. నేను ఏరి ఇయ్యంగ మళ్ల ఏసిండు.

ఆ తర్వాత నన్ను అనుడు తక్కువ జేసిండు. మానిండని జెప్ప, తక్కువ జేసిండు. కొన్నేండ్లకు ఉట్నూర్‌కు బదిలయినంక మేమెక్కే కిరాయి జీపుల డ్రైవర్ల మీద పడ్డడు. గుంత వచ్చినప్పుడల్లా ఒక ఇంగ్లీషు మాట. డ్రైవరు స్టీరింగు ఇడిసి ఎనక్కి తిరిగి, "సారు ఏమంటుండమ్మా?" అని నన్ను అడుగుతుండె.

"నీ తల్లి కడుపు సల్లగుండ, ముంగట జూసి నడుపు బిడ్డా" అంటుంటి.